కోవై తెలుగిళ్ల మోటారు బండి

కోవై అని కూడా పిలిచే కోయంబత్తూరులో అవినాశి రోడ్డు వెంట మిల్లుల పేర్లు, కాలేజీల పేర్లు చదువుకుంటూ పోతే చాలావాటి వెనక తెలుగిళ్లే కనిపిస్తాయి. 1910లో లక్ష్మీ మిల్స్ పెట్టిన జి. కుప్పుస్వామి నాయుడు, 1926లో పి.ఎస్.జి. ధర్మసంస్థను నెలకొల్పిన పీలమేడు పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కుమారులు, 1937లో దేశంలోనే మొదటి విద్యుత్ మోటారును తయారుచేసిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు ఈ తెలుగు కుటుంబాల వాళ్లే. విజయనగర కాలంలోనూ, తర్వాత మదురై నాయకుల ఏలుబడిలోనూ దక్షిణానికి వచ్చి కోవై, విరుదునగర్, కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో పత్తి వేసుకుని స్థిరపడ్డవాళ్ల సంతతి. పత్తి వల్ల మిల్లు వచ్చింది, మిల్లు వల్ల యంత్రం చేతికి అలవాటైంది. కాబట్టి మోటారు బండి వచ్చినప్పుడు వీళ్లు దాన్ని వింతగా చూడలేదు, విప్పి చూశారు. ఇంటికో బండి కొనేటప్పుడు ఇక్కడి కుటుంబాలు అడిగే ప్రశ్నల్లో ఆ అలవాటు ఇప్పటికీ ఉంది.

మోటారు రాకముందు ఆ ప్రశ్నలు ఎద్దుల గురించి. కోయంబత్తూరు చుట్టూ ఉన్న కొంగునాడులో పేరుమోసినవి కాంగేయం ఎద్దులు. మరీ భారీ ఒళ్లు కాదు గానీ బరువు లాగడంలో, ఎండకు ఓర్చుకోవడంలో వాటికవే సాటి. గూడుబండిలో ఆడవాళ్లనూ పిల్లలనూ ఎక్కించి పళని మొక్కుకో చుట్టాలింటి పెళ్లికో పంపేటప్పుడు పెద్దలకు పరుగుతో పనిలేదు. ఎద్దు బెదరనిదై ఉండాలి, ఇరుసు గట్టిదై ఉండాలి, తోలేవాడు నిదానస్తుడై ఉండాలి. దారిలో చక్రం విరిగితే బాగుచేసే వడ్రంగి ఏ ఊళ్లో ఉంటాడో తెలిసి ఉండాలి.

ఈ లెక్కను మార్చినవాడు కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో 1893లో పుట్టిన గోపాలస్వామి దొరస్వామి నాయుడు, అంటే పైన చెప్పిన జి.డి. నాయుడే. ఆయనకు బడి చదువు అబ్బలేదు. ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు మీద రావడం చూసిన రోజు నుంచి మనసంతా దానిమీదే నిలిచింది. కోయంబత్తూరుకు వెళ్లి హోటల్లో పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో ఆ బండినే కొన్నారు. కొన్నాక చేసిన మొదటి పని దాన్ని ముక్కలుగా విప్పడం, రెండోది మళ్లీ బిగించడం. తర్వాతి యాభై ఏళ్లలో ఆయన చేసిన పనులన్నిటికీ మూలం అక్కడే ఉంది. 1888లో ఊరికి మొదటి నూలు మిల్లును తెచ్చిన రాబర్ట్ స్టేన్స్ అప్పు ఇచ్చి ఆదుకోగా, 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తానే తోలారు. 1933 నాటికి ఆయన యూనివర్సల్ మోటార్ సర్వీస్ కింద 280 బస్సులు నడిచాయి. యు.ఎం.ఎస్. అనే మూడక్షరాలు కోవై ప్రాంతంలో బస్సుకు మారుపేరయ్యాయి.

ఆ కాలపు బస్సు ఎలాంటిదో గుర్తుంచుకుంటే ఆ సంఖ్య విలువ తెలుస్తుంది. ఇంజను విదేశం నుంచి రావాలి. పైనున్న చెక్క బాడీ ఇక్కడి వడ్రంగులు కట్టేవారు. రోడ్లు చాలాచోట్ల కంకర రోడ్లు. ఒక విడిభాగం విరిగితే ఓడ వచ్చేదాకా బండి షెడ్డులో పడి ఉండాల్సిందే. 280 బస్సులను రోజూ రోడ్డెక్కించాలంటే విరిగిన భాగాన్ని ఇక్కడే చేసుకోగల వర్క్‌షాపు ఉండాలి, విరగకముందే పసిగట్టే తనిఖీ ఉండాలి. కోవైలో ఫౌండ్రీలు, లేతు షెడ్లు అంతగా పెరగడానికి మిల్లులూ పంపుసెట్లూ ఎంత కారణమో బస్సులూ అంత కారణమని చెప్పడానికి వెనకాడనక్కరలేదు.

మదురైలో ఇదే పని చేసింది 1911లో టి.వి. సుందరం అయ్యంగార్ పెట్టిన టి.వి.ఎస్. ఆయన తెలుగువారు కారు. అయినా మదురై సీమలోని తెలుగు పల్లెల ప్రయాణం ఆయన బస్సులతోనే మారింది. వాటి రాకను చూసి గడియారం సరిచేసుకునేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎడ్ల గిట్టల నుంచి రాలిన లాడం మేకులు టైర్లలో దిగుతుంటే, వాటిని ఏరడానికి అయస్కాంతం కట్టిన బండిని రోడ్డు మీద తిప్పిన సంస్థ అది. ఒక టైరు పగలకుండా ఉండడానికి అంత శ్రద్ధ! భద్రత అన్న మాట ఏ ప్రకటనలోనూ వాడని రోజుల్లో వీళ్లు దాన్ని పనిలో చూపించారు. ఇంటి ఆడవాళ్లను తోడు లేకుండా బస్సెక్కించే ధైర్యం పెద్దలకు ఇలాంటి శ్రద్ధ వల్లే వచ్చి ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషను వచ్చింది. బస్సుల వెనక బొగ్గు గ్యాసు డబ్బాలు బిగించి నడిపిన రోజులవి. యుద్ధం ముగిసే వేళకు జి.డి. నాయుడు వ్యాపారం నుంచి తప్పుకుని చదువు వైపు తిరిగారు. 1945లో ఆయన చొరవతో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట మొదలైన సాంకేతిక విద్యాలయమే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాలకు మూలం. ఏళ్ల తరబడి తరగతిలో కూర్చోబెట్టడం కన్నా తక్కువ కాలంలో యంత్రం మీద చెయ్యి పెట్టించడం మేలని ఆయన వాదించారు. 1952లో రెండు సీట్ల పెట్రోలు కారు ఒకటి తయారుచేశారు. ధర రెండు వేల రూపాయలే. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో అది బజారుకు రాలేదు. మధ్యతరగతి కుటుంబం కొనగలిగే కారు కోసం దేశం 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా ఎదురుచూసింది. ఆ ముప్పై ఏళ్ల ఆలస్యం తలచుకుంటే బాధ కలుగుతుంది.

నడిమి కాలంలో కుటుంబాలకు దొరికినవి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ లాంటి కొద్ది కార్లే. ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేనప్పుడు ఎంపికంతా మెకానిక్ దగ్గర జరుగుతుంది. ఏ బండి పని ఏ మేస్త్రీకి బాగా తెలుసు, ఏ భాగం మన ఊళ్లోనే దొరుకుతుంది అని అడిగి కొనేవారు. 1972లో బస్సు మార్గాలు కోవైలో చేరన్, మదురైలో పాండియన్ పేర్లతో ప్రభుత్వ సంస్థల చేతికి వెళ్లాయి. యంత్రవిద్య మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. 1937లో బస్సు రవాణాతో మొదలైన ఎల్.జి. బాలకృష్ణన్ సోదరుల సంస్థ గొలుసుల తయారీలో దేశానికి తెలిసిన పేరైంది. పెరియనాయకన్‌పాళయంలోని ప్రైకాల్ కారు డ్యాష్‌బోర్డు మీది మీటర్లు చేసింది. విడిభాగాలు ఇక్కడే పుడుతున్న ఊళ్లో నమ్మకమైన బండి అంటే సులువుగా బాగయ్యే బండి. ఆ నిర్వచనం తప్పు కాదు, కాకపోతే సగమే.

మిగతా సగం ఇదే ఊళ్లో, వీళ్ల కళ్ల ముందే ఉంది. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో రేసు కార్లు కట్టించి, సామాన్య యువకులకు కూడా రేసింగును అందుబాటులోకి తెచ్చారు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన చనిపోయాక, చెట్టిపాళయం దగ్గర 2003లో తెరిచిన ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్‌లో పోటీపడిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్‌ది కూడా కోయంబత్తూరే. ఆ ట్రాక్ మీద కుర్రాళ్లు తలకు హెల్మెట్, భుజాల మీదుగా పట్టీలు, చుట్టూ ఇనుప కడ్డీల పంజరం లేకుండా కారెక్కరు. అదే ఊళ్లో, అదే ఇంజనున్న కారులో, తల్లి ఒళ్లో పసిబిడ్డను కూర్చోబెట్టుకుని ముందు సీట్లో వెళ్లడం మామూలు విషయం. గుద్దుకున్నప్పుడు లోపలివాళ్లకు ఏమవుతుందో రేసువాళ్లకు తెలుసు. ఆ ఎరుక ఇళ్లదాకా రాలేదు.

క్రాసోవర్ అని ఇప్పుడు అంటున్న బండి ఆ తర్వాత వచ్చింది. పాత జీపుల్లో నిచ్చెన ఆకారపు ఛాసిస్ మీద బాడీని విడిగా బిగిస్తారు. క్రాసోవర్‌లో కారులాగే బాడీ అంతా ఒకటే కట్టడం, నేల నుంచి ఎత్తు మాత్రం ఎక్కువ. 1994లో టొయోటా తెచ్చిన రావ్4 ఈ వరసకు దారి వేసింది. మన దేశంలో 2012లో రెనో డస్టర్, 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2015లో హ్యుందాయ్ క్రెటా దీన్ని మధ్యతరగతి ఇంటికి చేర్చాయి. ఈ మూడూ తమిళనాడు ఫ్యాక్టరీల్లో తయారైనవే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వంగకుండా ఎక్కగలరు, పొలం దారిలో అడుగుభాగం తగలదు. కోవై, మదురై కుటుంబాలు వీటిని ఇష్టపడడంలో ఆశ్చర్యం లేదు. 2021లో ఫోర్డ్ ఇక్కడి తయారీ మానేస్తున్నట్టు ప్రకటించినప్పుడు మాత్రం, బండి ఎంత బాగున్నా రేపు విడిభాగం ఇచ్చేదెవరన్న పాత ప్రశ్న మళ్లీ తలెత్తింది.

గుద్దుకుంటే లోపలివాళ్లకు ఏమవుతుందన్న రెండో ప్రశ్నకు జవాబు కూడా ఈ కాలంలోనే దొరకడం మొదలైంది. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశపు చిన్న కార్లలో ఎయిర్‌బ్యాగు లేని రకాలను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుకట్టకు గుద్దించి చూస్తే, పెద్దల భద్రతకు అన్నిటికీ సున్నా చుక్కలే (స్టార్లే) వచ్చాయి. 2018 చివర టాటా నెక్సాన్ పెద్దల భద్రతకు అయిదు చుక్కలు తెచ్చుకుని, ఇక్కడి ఫ్యాక్టరీ కూడా గట్టి బండి కట్టగలదని రుజువు చేసింది. 2019లో ఏ.బి.ఎస్. బ్రేకులు, డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయ్యాయి. ముందు సీటు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగు 2021లో వచ్చింది. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన పరీక్షే మనకుంది. పెద్దల భద్రతకు 32 మార్కులు, పిల్లల భద్రతకు 49 మార్కులు విడివిడిగా వేస్తారు. పిల్లలున్న ఇల్లు ముందు చూడాల్సింది ఆ రెండో అంకె.

పేరున్న బండి అయినంత మాత్రాన చుక్కలు రావు. అనంతపురం సీమలో పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీ పెట్టిన కియా 2019లో తెచ్చిన సెల్టోస్ విపరీతంగా అమ్ముడైంది. 2020లో రెండు ఎయిర్‌బ్యాగుల రకాన్ని గుద్దించి చూస్తే పెద్దల భద్రతకు మూడు చుక్కలే వచ్చాయి. 2022లో తమిళనాడు క్రెటాకూ అంతే. రెండూ ఇంజను విషయంలో, సర్వీసు విషయంలో మంచి పేరున్నవే. చెడిపోని బండీ, కాపాడే బండీ ఒకటే కానక్కరలేదని ఇంతకన్నా స్పష్టంగా ఏ ఉదాహరణా చెప్పదు. పరీక్షల ఫలితాలు బయటపడ్డాక కంపెనీలు ఎయిర్‌బ్యాగులు పెంచాయి. అడిగేవాళ్లు పెరిగితే అమ్మేవాళ్లు మారతారు.

పెనుకొండకూ మదురైకీ బంధం పాతది. మదురై నాయకుల మూలపురుషుడు విశ్వనాథ నాయకుడిని దక్షిణానికి పంపింది విజయనగరం. తళ్లికోట యుద్ధం తర్వాత ఆ రాజ్యానికి రాజధాని అయింది పెనుకొండే. అక్కడ తయారైన కారు 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు, సేలం, కరూరు, మదురై, విరుదునగర్ దాటి కోవిల్‌పట్టిలో తెలుగువాళ్ల ఇంటి ముందు ఆగగలదు. ఇప్పుడు ఆ దారి నున్నగా, వెడల్పుగా ఉంది కాబట్టి ప్రమాదమూ అంత పెద్దదే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రమాదాల సంఖ్యలో 64,105తో తమిళనాడే మొదటి స్థానంలో నిలిచింది. కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడవున కట్టి 2025లో తెరిచిన వంతెనకు జి.డి. నాయుడు పేరు పెట్టారు. దాని మీద వెళ్లే కుటుంబం షోరూంలో అడగాల్సినవి చాలా మామూలు ప్రశ్నలు. చుక్కలు వచ్చింది ఈ మోడల్‌కేనా, మనం కొంటున్న రకానికి కూడానా? పిల్లల సీటు బిగించే కొక్కేలు వెనక సీట్లో ఉన్నాయా? మధ్యలో కూర్చునే అవ్వకు భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా, నడుము పట్టీ ఒక్కటేనా? సర్వీసు సెంటరు మన ఊళ్లోనే ఉందా? వీటికి జవాబులు రాకముందే రంగు గురించి మాట్లాడడం మొదలుపెట్టే అమ్మకందారుడిని ఆపి, మళ్లీ అడగాలి.