పేరు మిగిలిన దేశం: అమెరికాలో చెక్ వారసత్వం

క్రీ.శ. 1673లో లండన్ నగరంలో ఒక పెద్ద పటం అచ్చయి వెలువడినది. వర్జీనియా, మేరీలాండ్ అనే రెండు ఆంగ్ల వలస ప్రాంతాల తీరాన్నీ, నదీముఖాలనూ, తోటలనూ ఎంతో నిశితంగా చూపిన పటమది. దానిని తయారుచేసిన ఆగస్టిన్ హెర్మన్ అనే వర్తకుడు ప్రాగ్ నగరానికి చెందినవాడు. పటం మీద తన పేరు పక్కనే తాను బొహీమియా దేశీయుడనని లాటిన్ భాషలో రాయించుకున్నాడు. ఆ శ్రమకు ప్రతిఫలంగా మేరీలాండ్ అధిపతి బాల్టిమోర్ ప్రభువు అతనికి విశాలమైన భూములు ఇచ్చినాడు. హెర్మన్ తన ఎస్టేటుకు బొహీమియా మేనర్ అని పేరు పెట్టినాడు. ఆ ప్రాంతంలోని నదిని నేటికీ బొహీమియా నది అనే పిలుస్తారు.

అమెరికా తీరాన్ని అమెరికా వారికి పటంలో చూపినవాడు ఇట్లు ఒక చెక్ దేశంవాడు. ఆ చెక్ దేశం ఎక్కడ ఉన్నదో మాత్రం అమెరికా వారిలో చాలామందికి నేటికీ స్పష్టంగా తెలియదు. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ నగరపు మారథాన్ పరుగుపందెంలో బాంబులు పేల్చినవారు చెచెన్ సంతతివారని తెలిసినప్పుడు, ఎందరో అమెరికనులు చెక్ గణతంత్రాన్ని నిందించసాగినారు. చెచెన్యా రష్యాలో కాకసస్ పర్వతాల దాపున ఉన్న ప్రాంతమనీ, చెక్ గణతంత్రం మధ్య ఐరోపాలోని వేరొక దేశమనీ వాషింగ్టన్‌లోని చెక్ రాయబారి ఒక ప్రకటన చేయవలసి వచ్చినది. ఈ సంఘటనను చూచి నవ్వుకొనుట తేలిక. ఇంత పాత పరిచయం ఉండి కూడా ఈ అపరిచయం ఎట్లు కలిగినదన్నది ఆలోచించదగిన ప్రశ్న.

ముందుగా దేశం ఉనికిని తెలుసుకోవాలి. పశ్చిమాన బొహీమియా, తూర్పున మొరావియా, ఉత్తరాన సైలీషియాలోని ఒక చిన్న భాగం కలిసినదే చెక్ దేశం. దీనికి సముద్రం లేదు. బొహీమియా చుట్టూ కొండలు కోటగోడ వలె నిలిచి ఉన్నవి. ఆ గోడ లోపల వ్లతావా నది ప్రాగ్ మీదుగా పారి ఎల్బ్ నదిలో కలిసి, ఉత్తర సముద్రం వైపు సాగుతుంది. మొరావా నది దక్షిణానికి పారి డాన్యూబ్‌లో చేరుతుంది. ప్రాగ్ నగరం వియన్నా కంటె పడమరగా ఉన్నది. అయినను 1948 నుండి 1989 వరకు కమ్యూనిస్టు పాలనలో ఉన్న కారణాన అమెరికా వార్తాపత్రికలు ఈ దేశాన్ని తూర్పు ఐరోపాలో చేర్చినవి. రాజకీయాలు గీసిన ఆ గీత దిక్కులనే మార్చివేసినది. వియన్నా పడమర అయినది, దానికి పడమరగా ఉన్న ప్రాగ్ తూర్పు అయినది!

ఇక పేరు సంగతి. బొహీమియా అన్న మాట ప్రాచీన కాలంలో అక్కడ నివసించిన బోయీ అనే కెల్ట్ తెగ పేరునుండి లాటిన్ ద్వారా వచ్చినది. చెక్కులు తమ భాషలో తమ దేశాన్ని ఎన్నడూ ఆ పేరుతో పిలువలేదు, వారికది చెహీ. ఫ్రాన్సులో సంచారజీవులైన రోమా ప్రజలు బొహీమియానుండి వచ్చినారన్న భ్రమ వలన వారిని ఆ దేశం పేరుతో పిలిచినారు. పిదప పంతొమ్మిదవ శతాబ్దిలో కట్టుబాట్లను లెక్కచేయని పేద కళాకారుల జీవితానికి అదే పేరు అంటినది. 1896లో పుచ్చీనీ రచించిన సంగీత నాటకం 'లా బొహెమ్' ఆ అర్థాన్ని లోకమంతటా చాటినది. అప్పటినుండి ఇంగ్లీషు చదువరికి బొహీమియా అనగా పారిస్ నగరపు మేడమీది చలిగదియే స్ఫురించును గాని ప్రాగ్ స్ఫురించదు. ఒక జాతి పేరు ఒక జీవనరీతికి విశేషణమై, జాతి మరుగున పడినది.

1848నాటి విప్లవాలు విఫలమైన పిమ్మట చెక్ రైతులూ చేతిపనివారూ పెద్ద సంఖ్యలో అమెరికాకు ఓడలెక్కసాగినారు. విస్కాన్సిన్, అయోవా, నెబ్రాస్కా మైదానాలలో సేద్యపు భూములు దొరికినవి. మొరావియానుండి వచ్చిన వారిలో ఎక్కువమంది టెక్సస్ చేరినారు. అక్కడ ప్రాహా అనే ఊరు నేటికీ ఉన్నది. చికాగో నగరంలో వారు నిర్మించుకున్న పేటకు పిల్సెన్ అని పేరు వచ్చినది. ఇన్ని వేలమంది దిగినను అమెరికా ప్రభుత్వపు లెక్కలలో చెక్ దేశం కానరాలేదు. చెక్కుల నేల ఆనాడు హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల ఏలుబడిలో ఉన్నందున వారి జన్మస్థానం ఎదుట చాలాచోట్ల ఆస్ట్రియా అనియే నమోదయినది. 1910 జనాభా లెక్కలలో మాతృభాషను కూడా అడిగినందువలన 'బొహీమియన్, మొరావియన్' అనే భాషావర్గం ఒకటి లెక్కకు వచ్చినది. రాజ్యం లేని జాతికి భాషయే చిరునామా అయినది.

ఆ చిరునామాను వారు శ్రద్ధగా కాపాడుకున్నారు. 1854లో సెయింట్ లూయిస్ నగరంలో పరస్పర సహాయ సంఘం స్థాపించినారు. ప్రాగ్‌లో 1862లో పుట్టిన సోకోల్ అనే వ్యాయామ ఉద్యమం 1865 నాటికే ఆ నగరానికి చేరినది. కాథలిక్కులు చర్చి కట్టుకొనగా, మతాధికారాన్ని అంగీకరించని స్వేచ్ఛాచింతకులు సభామందిరాలు కట్టుకున్నారు. 1877లో చికాగోలో స్వేచ్ఛాచింతకులు తమకు వేరుగా ఒక జాతీయ శ్మశానవాటికనే ఏర్పరచుకున్నారు. స్వరకర్త అంటొనిన్ ద్వోర్జాక్ 1892లో న్యూయార్క్ సంగీత విద్యాలయానికి అధిపతిగా వచ్చి, మరుసటి వేసవిని అయోవాలోని స్పిల్‌విల్ అనే చెక్కుల పల్లెలో గడిపినాడు. తన మాటే వీధిలో వినబడే ఆ ఊరిలో 'అమెరికన్' అని ప్రసిద్ధమైన తంత్రీవాద్య చతుష్టయాన్ని రచించినాడు. నెబ్రాస్కాలో పెరిగిన విల్లా కేథర్ తన నవల 'మై ఆంటోనియా'లో ఒక బొహీమియా రైతు కుటుంబపు కష్టాన్ని చిత్రించినది. ఆ నవల 1918లో వెలువడినది.

1918 చెక్ జాతి చరిత్రలోనూ, అమెరికా వారి భూగోళ జ్ఞానంలోనూ ఒక విశేషమైన సంవత్సరం. తత్త్వవేత్త టోమాష్ మసారిక్ సైబీరియా మీదుగా ప్రయాణం చేసి ఆ ఏడు అమెరికా చేరినాడు. అతని భార్య షార్లట్ గారిగ్ బ్రూక్లిన్‌లో పుట్టిన అమెరికా వనిత; 1878లో వివాహమైనప్పటినుండి ఆమె ఇంటిపేరును అతడు తన పేరులో ధరించినాడు. అప్పటికి అధ్యక్షుడు విల్సన్ ప్రకటించిన పద్నాలుగు సూత్రాలలో ఆస్ట్రియా-హంగరీ ప్రజలకు స్వయంపాలన అన్న మాట ఉన్నదే గాని స్వాతంత్ర్యం అన్న మాట లేదు. మసారిక్ సభ తరువాత సభలో, కార్యాలయం తరువాత కార్యాలయంలో చేసిన పని ఒక భూగోళ ఉపాధ్యాయుని పని: ఈ జాతి ఎవరు, వీరి నేల ఎక్కడ, దాని ఎల్లలేవి అని చెప్పుట. వలస వచ్చిన చెక్కులూ స్లోవాకులూ అతనికి ధనమూ జనమూ సమకూర్చినారు. మే నెలాఖరున పిట్స్‌బర్గ్ నగరంలో ఈ రెండు జాతుల సంఘాలు ఉమ్మడి రాజ్యానికి ఒడంబడిక చేసుకున్నవి. సెప్టెంబర్ 3న అమెరికా ప్రభుత్వం వారి జాతీయ మండలిని గుర్తించినది. అక్టోబర్ 18న వాషింగ్టన్ నగరంలో చెకోస్లోవేకియా స్వాతంత్ర్య ప్రకటన వెలువడినది. పది దినాలకు ప్రాగ్‌లో కొత్త రాజ్యం అవతరించినది.

ఆ రాజ్యానికి ఇరువదియేండ్లు నిండకముందే అజ్ఞానపు వెల ఎంతో తెలిసివచ్చినది. 1938 సెప్టెంబర్ 27న బ్రిటిష్ ప్రధాని చాంబర్లేన్ రేడియోలో ప్రసంగిస్తూ ఈ వివాదాన్ని, తమకేమీ తెలియని ప్రజల మధ్య దూరదేశంలో జరిగే తగవుగా వర్ణించినాడు. మూడు దినాలకు మ్యూనిక్ ఒప్పందం కుదిరినది. ఆ సంప్రదింపులకు చెక్కులను పిలువనే లేదు. అమెరికా కూడా వానిలో పాల్గొనలేదు. హిట్లర్‌కు ఒప్పగించినది జర్మను భాషీయులు ఎక్కువగా ఉన్న సరిహద్దు ప్రాంతమేనని చెప్పుకున్నారు. కాని ఆ సరిహద్దు ఏది? బొహీమియాకు కోటగోడయైన కొండల వరుసయే అది. చెక్కులు కట్టుకున్న దుర్గాలన్నీ అక్కడనే ఉన్నవి. ఒక్కసారి పటం విప్పి చూచినవానికి, ఆ కొండలు పోయిన పిమ్మట ప్రాగ్ తలుపులు లేని ఇల్లవుతుందని బోధపడేది. 1939 మార్చి 15న జర్మను సేనలు ఆ ఇంట ప్రవేశించినవి. నాయకులకు పటం తెలియకపోలేదు. కాని ప్రజలకు తెలియనితనం వారికి మంచి సాకు అయినది.

1942 జూన్ 10న నాజీలు లిడిత్సె అనే చెక్ గ్రామంలో 173 మంది పురుషులను కాల్చి చంపి, స్త్రీలను నిర్బంధ శిబిరానికి పంపి, ఊరిని నేలమట్టం చేసినారు. ఆ పేరు పటంలో ఉండరాదన్నది వారి సంకల్పం. మరుసటి నెలలో ఇల్లినాయ్ రాష్ట్రంలో జోలియట్ నగరం చేరువనున్న ఒక చిన్న పేట తన పేరును లిడిత్సె అని మార్చుకున్నది. అక్కడ చెరిపిన పేరును ఇక్కడ రాసుకున్నారు. 1945 మే 6న అమెరికా సేనలు పశ్చిమ బొహీమియాలోని ప్ల్జెన్ నగరాన్ని విముక్తం చేసినవి. 1948 తరువాత వచ్చిన ప్రభుత్వం ఆ సంగతిని పాఠ్యపుస్తకాలలో మరుగుపరచినది. మరపు ఒకవైపునే జరుగలేదన్నమాట. అమెరికాలో అజాగ్రత్త వలన జరిగినది, అక్కడ ఆజ్ఞ వలన జరిగినది.

ఈలోగా అమెరికాలో చెక్ భాష ఇండ్లలో సన్నగిల్లినది. మూడవ తరం నాటికి వారసత్వమనగా పండుగ, పాట, పిండివంట. టెక్సస్‌లో రహదారి పక్కన దొరికే కొలాచె అనే తీపి రొట్టెను అందరూ ఎరుగుదురు. అది ఏ దేశపుదన్న ప్రశ్న కొందరికే తోచును. చికాగోలోని పిల్సెన్ పేట ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో మెక్సికో వారి నివాసమైనది. పేరు మాత్రం నిలిచినది. 1842లో ప్ల్జెన్‌లో పుట్టిన బీరు పిల్స్‌నర్ అయినది. బుద్యెయొవిట్సె అనే చెక్ నగరపు జర్మను పేరునుండి వచ్చిన బడ్‌వైజర్ అనే మాట 1876నుండి సెయింట్ లూయిస్ నగరపు సరుకుగా ప్రసిద్ధికెక్కినది. అమెరికా వారి నాలుక మీద చెక్ ఊళ్ళ పేర్లు నిత్యం ఆడుచున్నవి. ఊళ్ళు మాత్రం వారి మనస్సులోని పటంలో లేవు.

ఇది చెక్ దేశానికే పరిమితమైన లోపం కాదు. ఇరాక్‌లో యుద్ధం ఆరంభమై మూడేండ్లు గడచిన పిదప, 2006లో జరిపిన ఒక పరిశీలనలో 18 నుండి 24 ఏండ్ల అమెరికా యువజనులలో నూటికి 63 మంది ఆ దేశాన్ని పటంలో చూపలేకపోయినారు. 2014లో ఉక్రెయిన్ సంక్షోభ సమయాన రెండువేల పైచిలుకు అమెరికనులను అడుగగా ఆరుగురిలో ఒక్కడే ఆ దేశాన్ని గుర్తించగలిగినాడు. గుర్తించలేనివారు ఎంత దూరంగా చూపినారో, సైన్యాన్ని పంపవలెనన్న ఉత్సాహం వారిలో అంత ఎక్కువగా కనబడినది. 1938లో తెలియనితనం చేతులు కట్టుకొని కూర్చున్నది. 2014లో అదే తెలియనితనం కత్తి దూయమన్నది. రెండు సందర్భాలలోనూ ఫలితాన్ని అనుభవించేది ఆ నేల మీది ప్రజ.

అమెరికా వారిని వేలెత్తి చూపుటకు ముందు భారతీయ పాఠకుడు తన కాళ్ళవైపు చూచుకొనుట మేలు. మన దేశంలో ఊరూరా ఎరిగిన బాటా చెప్పుల కంపెనీ 1894లో మొరావియాలోని జ్లీన్ పట్టణంలో పుట్టినది. అది మన కంపెనీయే అనుకొనేవారు మనలో కొల్లలు. తెలుగు కూడా చేరిన ద్రావిడ భాషా కుటుంబాన్ని తులనాత్మకంగా పరిశోధించిన కమిల్ జ్వెలెబిల్ చెక్ పండితుడని ఎందరికి తెలుసు? ఆయన మన భాషల పటాన్ని మనకంటె నిశితంగా ఎరిగినవాడు.

చెక్ దేశపు పేరు పిమ్మట కూడా మారినది. 1993 జనవరి 1న చెకోస్లోవేకియా రెండు రాజ్యాలుగా విడిపోయినది. 2000 సంవత్సరపు అమెరికా జనాభా లెక్కలలో 12 లక్షలకు పైగా తమ పూర్వులు చెక్కులని రాసినారు. మరి 4 లక్షలకు పైగా, అప్పటికి ఏడేండ్ల క్రితమే అంతరించిన చెకోస్లోవేకియా పేరును రాసినారు. వారిది కేవలం పొరపాటనలేము. వారి తాతలు వదలి వచ్చినదీ, గెలిపించినదీ, పోగొట్టుకున్నదీ వేర్వేరు పేర్లుగల ఒకే నేల. 2016లో ఆ దేశం చెకియా అనే కురుచ పేరును ఐక్యరాజ్యసమితిలో నమోదు చేయించుకున్నది.

అయోవాలోని సీడర్ రాపిడ్స్ నగరంలో 1974లో స్థాపితమైన చెక్, స్లోవాక్ ప్రదర్శనశాల ఉన్నది. 2008 నాటి వరదలో మునిగిపోయిన ఆ భవనాన్ని పునాదులనుండి ఎత్తి, మెరక మీదికి జరిపి, 2012లో మరల తెరచినారు. అట్టి చోట్లకు వచ్చి పూర్వుల జాడ వెదికే మనుమల చేతికి మొదట దొరికేది ఓడ ప్రయాణికుల పట్టిక. అందులో దేశం ఆస్ట్రియా అని ఉంటుంది. దాని వెంట పోగా ఒక పల్లె పేరు, అది కూడా తరచు జర్మను రూపంలో, కనబడుతుంది. ఆ పేరు నేటి పటంలో లేదు. దాని చెక్ రూపమేదో కనుగొని, ఏ నది ఒడ్డున, ఏ కొండ చాటున ఆ ఊరున్నదో తెలుసుకున్నప్పుడే, చర్చి పుస్తకంలో ముత్తాత జన్మదినం రాసి ఉన్న పుట తెరుచుకుంటుంది.