తెర వెనుక దీపం

రంగులు వెలుగును రెండు విధాల వాడుకుంటాయి. ఖానాపూర్‌కు పొరుగున ఉన్న నిర్మల్ చిత్రాలలో, నల్లని నేపథ్యంపై బంగారు వన్నె తన మీద పడిన కాంతిని తిరిగి మన కళ్ళకు పంపుతుంది. తోలుబొమ్మలో కాంతి రంగును దాటుకుని వస్తుంది. ఈ రెండవ విద్య తెలుగునాట ఎంత పాతదో, ఈనాడు ఏ రూపు దాల్చిందో తెలుసుకోదగిన సంగతి.

పదమూడవ శతాబ్దిలోనే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటలను ప్రస్తావించాడు. బొమ్మ తయారీలో మేకతోలును వేడినీటిలో నానబెట్టి, వెంట్రుకలూ మాంసపు పొరా గీకివేసి, బిగించి ఆరబెడతారు. అప్పుడది పలుచబడి వెలుగును తనలోంచి పోనిస్తుంది. దానికి రెండు వైపులా రంగులు పూస్తారు. నగలుండే చోట ఉలితో సన్నని రంధ్రాలు తొలుస్తారు. తెర మీద సీత హారంలో మెరిసే రత్నాలు ఆ రంధ్రాలలోంచి వచ్చే వట్టి వెలుగే. నల్లగీత కాంతిని అడ్డగించి ఆకారాన్ని నిలబెడుతుంది.

మొహొలీ-నాగీ అనే హంగేరీ కళాకారుడు చిల్లుల రేకులు, గాజు, దీపాలు కూర్చి చేసిన యంత్రం 1930లో పారిస్‌లో ప్రదర్శింపబడింది. నైరూప్య కళాచరిత్రలో దానికి పెద్ద పేరు. మనవాళ్ళు ముందే కనిపెట్టారని చంకలు గుద్దుకోవడం నా ఉద్దేశం కాదు. మన ఆటలో వెలుగు కథకు ఊడిగం చేసింది. ఆ యంత్రంలో కథ లేదు, వెలుగూ నీడా కదలికా తప్ప.

విచిత్రమేమంటే, కథ నుంచి వెలుగు విడివడడం మన దగ్గరా జరిగింది, కాని బతుకుతెరువు కోసం. సినిమాలు, టీవీలు వచ్చి ఆటలకు ఆదరణ తగ్గాక, అనంతపురం సీమలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులు అదే తోలుతో లాంప్‌షేడ్లు చేయసాగారు. వాటిపై దేవతామూర్తులతో పాటు పూలు, లతలు, నెమళ్ళు చేరాయి. తెర వెనుక దీపం తోలు లోపలికి వచ్చింది. బొమ్మ కదలదు, పాట వినబడదు. రంగూ వెలుగూ మిగిలాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది.

లాంప్‌షేడును చులకన చేయరాదు. తోలు గీకే చేతికీ, ఉలి పట్టే చేతికీ అదే కూడు పెట్టింది. అయితే రామాయణం పాడే గొంతుకు అది కూడు పెట్టదు. చేతిపని సంతలో అమ్ముడవుతుంది, పాట అమ్ముడవదు. తోలుబొమ్మలాట బతికే ఉందని సంతోషించే ముందు, బతికింది అందులో ఏ సగమో చూసుకోవాలి.