‘మళ్లీ వచ్చావా?’: పదేపదే ఎమర్జెన్సీకి వెళ్లడానికీ, చిన్నప్పటి గాయాలకూ సంబంధం ఏంటి?

అర్ధరాత్రి ఛాతీ పట్టేసినట్టయింది. ఊపిరాడటం లేదు. చేతులు చల్లబడ్డాయి. ఆటో మాట్లాడుకుని క్యాజువాలిటీకి వెళ్లారు. ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు. ‘ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకో’ అని పంపించేశారు. ఇరవై రోజులకు మళ్లీ అదే పరిస్థితి. మూడోసారి వెళ్లేసరికి డ్యూటీలో ఉన్నవాళ్లు ముఖం చూసి గుర్తుపట్టారు. ‘మళ్లీ వచ్చావా?’

ఇలాంటివాళ్లు మీ వీధిలోనో, మీ ఇంట్లోనో ఉండే ఉంటారు. అది మీరే కావచ్చు కూడా.

అమెరికా ఆసుపత్రుల్లో వీళ్లకు సిబ్బంది పెట్టుకున్న పేరు ‘ఫ్రీక్వెంట్ ఫ్లయర్స్’. తరచూ విమానాలెక్కే ప్రయాణికులని అర్థం. విమానం సంగతి అటుంచితే, వీళ్లలో చాలామంది దగ్గర తిరిగి ఇంటికి వెళ్లడానికి బస్సు చార్జీలు కూడా ఉండవు. ఎక్కువమంది పేదలు కాబట్టి ‘ఉచితం కదా అని వాడేస్తున్నారు’ అనే మాట అక్కడా వినిపిస్తుంది, ఇక్కడా వినిపిస్తుంది.

అసలు ఎందుకు వస్తున్నారు? పరిశోధకులకు దొరికిన జవాబుల్లో ఒకటి రోగి ఫైల్‌లో ఎక్కడా కనిపించదు. అది అతడి బాల్యంలో ఉంది.

బరువు తగ్గించే క్లినిక్‌లో మొదలైన కథ

1980ల మధ్యలో శాన్ డియాగోలోని కైజర్ పర్మనెంటే సంస్థలో డాక్టర్ విన్సెంట్ ఫెలిటి ఊబకాయం తగ్గించే కార్యక్రమం నడిపేవారు. ఆయనకు ఒక విషయం అర్థమయ్యేది కాదు. బరువు బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసి వెళ్లిపోతున్నారు. వాళ్లను కూర్చోబెట్టి వివరంగా అడిగితే, చాలామంది చిన్నప్పుడు లైంగిక హింసకు గురైనట్టు బయటపడింది. డాక్టర్లు రోగం అనుకున్న లావు, వాళ్లలో కొందరికి రక్షణ. ఎవరి చూపూ తమ మీద పడకుండా అడ్డం పెట్టుకున్న గోడ అది.

ఆ తర్వాత ఫెలిటి, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీకి చెందిన డాక్టర్ రాబర్ట్ యాండాతో కలిసి పెద్ద సర్వే చేశారు. 1995 నుంచి 1997 వరకు 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగారు. మొదటి ఫలితాలు 1998లో వచ్చాయి. ఏసీఈ అధ్యయనంగా పేరుపడింది ఇదే. ‘చిన్ననాటి ప్రతికూల అనుభవాలు’ అనే మాటకు ఇంగ్లిష్ పొడి అక్షరాలవి.

ఇప్పుడు వాడుతున్న జాబితాలో పది అంశాలున్నాయి. తిట్లు, అవమానాలు, దెబ్బలు, లైంగిక హింస, తిండీబట్టా సరిగా చూడకపోవడం, ప్రేమగా పట్టించుకునేవాళ్లు లేకపోవడం. మిగతా ఐదూ ఇంటి పరిస్థితులు: తల్లిని కొట్టడం చూడటం, తాగుడుకో మత్తుకో బానిసైన మనిషి ఇంట్లో ఉండటం, మానసిక వ్యాధి ఉన్నవాళ్లో ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లో ఉండటం, తల్లిదండ్రులు విడిపోవడం, ఇంట్లోవాళ్లు జైలుకెళ్లడం. ఒక్కోదానికి ఒక మార్కు.

నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రకాలు ఎదుర్కొన్నవాళ్లలో తాగుడు, మత్తు పదార్థాల వాడకం, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నం ముప్పు, ఏ ఒక్కటీ ఎదుర్కోనివాళ్లతో పోలిస్తే 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించింది. అంతకన్నా ఆశ్చర్యపరిచింది ఇంకోటి. మార్కులు పెరిగేకొద్దీ గుండెజబ్బు, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, కాలేయ వ్యాధి కూడా పెరుగుతూ వచ్చాయి.

ఈ సర్వేలో పాల్గొన్నవాళ్లు పేదలు కారు. ఎక్కువమంది బీమా ఉన్న, చదువుకున్న తెల్లజాతీయులు. కాబట్టి ‘ఇవన్నీ పేదల ఇళ్ల కథలు’ అనుకోవడానికి వీల్లేదు. పేదరికం చేసేది వేరే పని. అదే గాయం ఉన్న మనిషిని క్లినిక్ గుమ్మం ముందు నుంచి తప్పించి, నేరుగా ఎమర్జెన్సీ గుమ్మం దాకా తీసుకెళ్తుంది.

అంతా బీమా సమస్యేనా?

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో దాదాపు పదివేల మంది సర్వే వివరాలతో చేసిన ఒక విశ్లేషణ 2010లో వచ్చింది. చిన్నప్పటి కష్టాల సంఖ్య పెరిగేకొద్దీ ఎమర్జెన్సీ వాడకం కూడా ఎక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. ఒంటారియోలో డాక్టర్‌కు చూపించుకోవడానికి జేబులోంచి డబ్బు కట్టక్కర్లేదు, ప్రభుత్వ బీమా ఉంది. అక్కడా ఇదే కనిపించిందంటే, డబ్బు ఒక్కటే కారణం కాదన్నమాట.

అమెరికాలోని ఒరెగాన్‌లో ఇంకో అనుభవం ఎదురైంది. 2008లో ఆ రాష్ట్రం పేదల బీమా పథకం మెడికెయిడ్‌లో కొన్ని ఖాళీలను లాటరీ తీసి నింపింది. బీమా వస్తే మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్తారు, ఎమర్జెన్సీకి రావడం తగ్గుతుందని చాలామంది అనుకున్నారు. జరిగింది దానికి తలకిందులు. బీమా వచ్చినవాళ్లలో ఎమర్జెన్సీ సందర్శనలు సుమారు 40 శాతం పెరిగాయని 2014లో వెలువడిన అధ్యయనం చెప్పింది. చేతిలో కార్డు పెడితే తలుపు తెరుచుకుంటుంది. ఏ తలుపు తట్టాలన్నది మాత్రం కార్డు నిర్ణయించదు.

మరి ఏది నిర్ణయిస్తుంది?

ఒకటి, శరీరం. ఇంట్లో ఎప్పుడు ఏ అరుపు వినపడుతుందో తెలియకుండా పెరిగిన పిల్లల్లో ప్రమాదాన్ని పసిగట్టే వ్యవస్థ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. కార్టిసాల్, అడ్రినలిన్ హార్మోన్లు ఏళ్ల తరబడి అవసరానికి మించి పనిచేస్తే నిద్ర, రక్తపోటు, రోగనిరోధక శక్తి అన్నీ దెబ్బతింటాయి. దానికి తోడు ఆ ఒత్తిడిని అణచడానికి అలవాటైన సిగరెట్, మందు. ఇలాంటివాళ్లకు నలభైల్లోనే నిజమైన గుండెజబ్బు వచ్చే అవకాశం ఉంది.

రెండోది, అలారం. ప్యానిక్ అటాక్ వచ్చినప్పుడు గుండె దడ, ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, చచ్చిపోతున్నామనే భయం అన్నీ ఒక్కసారే వస్తాయి. అది గుండెపోటా కాదా అన్నది పరీక్షలు చేస్తే గానీ డాక్టర్‌కే తెలియదు, ఇంట్లో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది? అలాంటప్పుడు ఎమర్జెన్సీకి పరుగెత్తడం దుర్వినియోగం ఎలా అవుతుంది? అసలు ప్రమాదం ఆసుపత్రి వైపు నుంచి ఉంది. ఐదుసార్లు ‘టెన్షన్’ అని రాసిన చోట ఆరోసారి నిజమైన గుండెపోటును తేలిగ్గా తీసుకోవచ్చు. పైన చెప్పిన లెక్క ప్రకారం, దాని ముప్పు ఎక్కువున్నది కూడా వీళ్లకే.

మూడోదాని గురించి పెద్దగా మాట్లాడుకోం. అది నమ్మకం. తనను చూసుకోవాల్సిన పెద్దవాళ్ల చేతిలోనే దెబ్బలు తిన్న మనిషికి, అధికారం ఉన్న మరో పెద్దమనిషి ముందు చొక్కా విప్పి కూర్చోవడం మామూలు విషయం కాదు. బీపీ చెకప్‌లు, పళ్ల పరీక్షలు, గైనకాలజీ పరీక్షలు వాయిదా పడతాయి. ‘ఎందుకింత ఆలస్యంగా వచ్చావ్’ అని ఒకసారి మందలిస్తే రెండోసారి వెళ్లరు. చివరికి భరించలేనంత అయ్యాక, రాత్రిపూట, ఎవరి అపాయింట్‌మెంటూ అడగని చోటికి వెళ్తారు.

ఆ చోటు ఎమర్జెన్సీ ఒక్కటే. అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం, డబ్బున్నా లేకపోయినా ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని పరీక్షించి, ప్రాణాపాయం లేకుండా నిలబెట్టాల్సిందే. మన దగ్గర 1989లో పర్మానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు కూడా ప్రాణం కాపాడటమే డాక్టర్ మొదటి బాధ్యత అని స్పష్టంగా చెప్పింది.

వేళలు కూడా చూడండి. హైదరాబాద్‌లో 2018లో బస్తీ దవాఖానాలు మొదలైనప్పుడు పెట్టుకున్న సమయం ఉదయం 9 నుంచి సాయంత్రం 4. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్, నాలుగిళ్లలో పనిచేసే మనిషి, రోజుకూలీ... వీళ్లలో ఎవరికి ఆ వేళలో ఖాళీ దొరుకుతుంది? బస్తీ దవాఖానాలు మంచి ఆలోచనే. కానీ కూలీ పోగొట్టుకుని వెళ్లాల్సిన ఉచిత వైద్యం పూర్తిగా ఉచితం కాదు.

స్కోరు చూసుకుంటే సరిపోతుందా?

ఆన్‌లైన్‌లో ఏసీఈ క్విజ్‌లు బోలెడు దొరుకుతాయి. చేసుకునే ముందు ఒక్క మాట. ఆ స్కోరు ఒక జనాభా గురించి చెబుతుంది, ఒక మనిషి గురించి కాదు. ఈ మాట అన్నది ఎవరో విమర్శకుడు కాదు, ఆ అధ్యయనం చేసిన యాండానే. వ్యక్తుల ముప్పును తేల్చడానికి దాన్ని వాడొద్దని 2020లో ఆయన సహ పరిశోధకులతో కలిసి రాశారు. ఒకే దెబ్బ తిన్నవాడికీ, పదేళ్లు రోజూ తిన్నవాడికీ ఆ ప్రశ్నలో పడేది ఒకటే మార్కు. పక్కన నిలబడ్డ అమ్మమ్మకో, ఆదుకున్న టీచరుకో మార్కుల్లేవు. వివక్ష, భయపెట్టే వీధి కూడా ఆ పదిలో లేవు. తర్వాత ఫిలడెల్ఫియాలో చేసిన సర్వేలో జాతి వివక్ష, ఎవరినైనా కొడుతుంటే చూడటం, తోటివాళ్ల వేధింపు లాంటివి కలిపారు.

అయినా కాలిఫోర్నియా 2020లో తన పేదల బీమా పథకంలో ఈ ప్రశ్నలు అడిగే డాక్టర్లకు ఒక్కో స్క్రీనింగ్‌కు 29 డాలర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అడగడం మంచిదా, అడిగాక పంపించడానికి కౌన్సెలర్ లేకపోతే గాయం కెలికినట్టే కదా అన్న చర్చ అక్కడ ఇంకా ముగియలేదు. నన్నడిగితే రెండో వాదన వైపే మొగ్గుతాను. జవాబు విని ‘సరే, నెక్స్ట్’ అనే చోట ఆ ప్రశ్న వేయకపోవడమే నయం.

న్యూజెర్సీలోని క్యామ్‌డెన్‌లో డాక్టర్ జెఫ్రీ బ్రెనర్ ఇంకో దారిలో వెళ్లారు. పదేపదే ఆసుపత్రి పాలయ్యేవాళ్లను గుర్తించి, డిశ్చార్జి అయ్యాక నర్సులు, సామాజిక కార్యకర్తలను వాళ్ల ఇళ్లకే పంపారు. 2011లో అతుల్ గవాండే వ్యాసంతో ఇది దేశమంతా తెలిసింది. తర్వాత 800 మందితో కచ్చితమైన పరీక్ష పెట్టారు. 2020లో ఫలితం వచ్చింది. ఆరు నెలల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరినవాళ్లు కార్యక్రమంలో ఉన్నవాళ్లలో 62.3 శాతం, లేనివాళ్లలో 61.7 శాతం. అంటే తేడా లేదు. బాగా క్షీణించిన దశలో ఎవరిని ఎంచుకున్నా తర్వాత కొంత తగ్గడం సహజమేనని అర్థమైంది. జీవితమంతా పేరుకున్నదాన్ని కొన్ని నెలల ఇంటి సందర్శనలు కరిగించలేవన్నమాట. ఇది నిరుత్సాహపరిచే ఫలితమే అయినా, దాచకుండా బయటపెట్టినందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

మన లెక్క ఏంటి?

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో చేసిన అధ్యయనం విడుదల చేసింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురైనట్టు, 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక హింస ఎదుర్కొన్నట్టు అందులో ఉంది. లైంగిక హింస ఎక్కువగా నమోదైన నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాడు 5 నుంచి 18 ఏళ్ల మధ్య ఉన్న ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లు. ఉద్యోగాలు చేస్తున్నారు, డెలివరీ బైకులు నడుపుతున్నారు, పిల్లల్ని పెంచుతున్నారు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108కి ఫోన్ చేసేవాళ్లలో వాళ్లూ ఉంటారు. అంబులెన్స్‌లో పల్స్ చూస్తారు, ఆక్సిజన్ చూస్తారు. మిగతాది అడిగే చోటు అది కాదు.

మీరేం చేయొచ్చు?

ముందుగా, ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, ఒకవైపు చేయి పడిపోవడం, మాట తడబడటం... వీటిలో ఏది వచ్చినా ఆలోచించకుండా 108కి చేయండి. గతంలో ‘ఏమీ లేదు’ అని పదిసార్లు చెప్పి ఉన్నా సరే వెళ్లండి.

పరీక్షలన్నీ మామూలుగానే వచ్చి, అదే బాధ తిరిగి తిరిగి వస్తుంటే రిపోర్టులు, డిశ్చార్జి చీటీలు ఒకే ఫైల్‌లో పెట్టుకుని పగటిపూట ఒకే డాక్టర్‌కు చూపించండి. చిన్నప్పటి సంగతంతా చెప్పక్కర్లేదు. ‘చిన్నప్పుడు ఇంట్లో చాలా ఇబ్బందులు పడ్డాను, ముట్టుకునే ముందు చెప్పండి’ అంటే చాలు. మహిళలు పరీక్ష సమయంలో మరో మహిళ పక్కన ఉండాలని అడగొచ్చు.

డాక్టర్‌తో మాట్లాడలేకపోతే టెలి మానస్ ఉంది. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన ఈ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. రాత్రి రెండు గంటలకు భయం వేసినా చేయొచ్చు.

పక్కింట్లో పిల్లల మీద హింస జరుగుతోందని అనుమానం వస్తే 1098. ఇంట్లో దెబ్బలు తింటున్న మహిళల కోసం 181.