వైద్య పరిశోధనా రచనలో కృత్రిమ మేధస్సు

వైద్య పరిశోధనా రచనలో కృత్రిమ మేధస్సు అనగా వైద్య పరిశోధన పత్రాలను రాయడానికి, దిద్దడానికి, సంక్షిప్తం చేయడానికి భాషా నమూనాలనే కంప్యూటరు సాధనాలను ఉపయోగించడం. 2022 నవంబరు 30న ఓపెన్ఏఐ సంస్థ చాట్‌జీపీటీని విడుదల చేసిన తరువాత ఈ వాడుక విస్తరించింది. వైద్యులు చికిత్సా నిర్ణయాలకు ప్రచురిత పత్రాలను ఆధారం చేసుకొంటారు. కనుక వాటిలోని తప్పులకు బాధ్యత ఎవరిదన్నది ఇందులో ముఖ్యమైన ప్రశ్న.

పనిచేసే విధానం

భాషా నమూనాకు విస్తారమైన పాఠ్యంతో శిక్షణనిస్తారు. ఒక వాక్యంలో తరువాత ఏ పదం రావడానికి ఎక్కువ అవకాశముందో లెక్కిస్తూ అది రచన సాగిస్తుంది. రాసిన విషయం నిజమో కాదో నిర్ధారించే ఏర్పాటు ఈ లెక్కింపులో లేదు. అందువలన ఎన్నడూ ప్రచురితం కాని వ్యాసాలను కూడా రచయిత, పత్రిక, సంవత్సరాలతో సహా ఉదహరించే ప్రమాదముంది.

ఉపయోగాలు

వైద్య పత్రికలలో అధిక భాగం ఆంగ్లంలో వెలువడుతున్నాయి. ఆంగ్లం మాతృభాష కాని పరిశోధకులకు భాషాదోషాలను సవరించుకోవడంలో ఈ సాధనాలు తోడ్పడుతున్నాయి. పబ్‌మెడ్‌లోని 1.5 కోట్లకు పైగా సారాంశాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2025లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వెలువడింది. 2024 నాటి సారాంశాలలో కనీసం 13.5 శాతం రచనలో భాషా నమూనాల పాత్ర ఉన్నదని అది అంచనా వేసింది. "డెల్వ్స్" వంటి కొన్ని ఆంగ్ల పదాల వాడుక అకస్మాత్తుగా పెరగడం ఈ అంచనాకు ఆధారం.

వివాదాలు

* 2022 నవంబరులో మెటా సంస్థ శాస్త్రీయ రచన కొరకు గెలాక్టికా అనే నమూనాను విడుదల చేసింది. తప్పుడు సమాచారాన్ని నమ్మదగిన శైలిలో రాస్తున్నదని విమర్శలు రావడంతో మూడు రోజులకే దాని ప్రదర్శనను నిలిపివేసింది.
* 2024 ఫిబ్రవరి 13న ఫ్రాంటియర్స్ ఇన్ సెల్ అండ్ డెవలప్‌మెంటల్ బయాలజీ పత్రికలో వచ్చిన ఒక వ్యాసంలో, అసాధ్యమైన శరీర నిర్మాణంతో, అర్థంలేని పేర్లతో ఎలుక చిత్రం ఉంది. చిత్రాలను మిడ్‌జర్నీతో తయారుచేసినట్లు రచయితలు వ్యాసంలోనే ప్రకటించారు. అయినను అది సమీక్షను దాటి అచ్చయింది. ఫిబ్రవరి 16న పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకొంది.

గుర్తించడంలో ఇబ్బందులు

2023లో ఎన్‌పీజే డిజిటల్ మెడిసిన్ పత్రికలో ప్రచురితమైన పరిశీలనలో, చాట్‌జీపీటీ రాసిన సారాంశాలలో 68 శాతాన్ని మాత్రమే సమీక్షకులు గుర్తించగలిగారు. మనుషులు రాసిన వాటిలో 14 శాతాన్ని యంత్రం రాసినవిగా పొరబడ్డారు. ఈ కారణంగా పత్రికలు పసిగట్టడంపై కంటే రచయితల వెల్లడిపైనే ఎక్కువగా ఆధారపడవలసి వస్తున్నది.

నియమాలు

1978లో వాంకూవర్‌లో జరిగిన సమావేశంతో మొదలైన వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం, 2023 మే నెలలో తన మార్గదర్శకాలను సవరించింది. వాటి ప్రకారం:

* రచన యొక్క కచ్చితత్వానికి బాధ్యత వహించలేదు కనుక కృత్రిమ మేధస్సును రచయితగా పేర్కొనరాదు.
* దానిని ఉపయోగించినట్లయితే ఆ సంగతిని, ఉపయోగించిన తీరును వెల్లడించాలి.
* అది అందించిన విషయాలకు కూడా రచయితలే జవాబుదారులు.

అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలు 2023 జూన్‌లో, పరిశోధన నిధుల దరఖాస్తులను సమీక్షించేవారు ఈ సాధనాలను వాడరాదని ఆదేశించాయి. దరఖాస్తులలోని రహస్య సమాచారం బయటికి పొక్కకుండా చూడటం ఈ నిషేధానికి కారణం.

ఇవి కూడా చూడండి

* కృత్రిమ మేధస్సు
* చాట్‌జీపీటీ
* పబ్‌మెడ్