మార్బుల్ బార్ ఎండ

పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతమున మార్బుల్ బార్ అను చిన్న ఊరు కలదు. 1923 అక్టోబరు 31 మొదలు 1924 ఏప్రిల్ 7 వరకు, వరుసగా 160 రోజులు, అక్కడి పగటి ఉష్ణోగ్రత 100 ఫారన్‌హీటు డిగ్రీలకు తగ్గలేదు. అంత ఎండ కాయు ఊరిలో సైతము, పెద్ద విద్యుత్ తీగలు అంతదూరము రానందున, దీపములు చిరకాలము డీజిలుతోనే వెలిగినవి.

ఎండ ఉండగా డీజిలెందుకని విద్యార్థి అడుగవచ్చును. చిక్కు ఎండతో కాదు, మబ్బుతో. మబ్బు అడ్డుపడగనే కొద్ది సెకండ్లలో సౌరఫలకముల విద్యుత్తు పడిపోవును. ఆగియున్న డీజిలు యంత్రము అంత త్వరగా అందుకొనలేదు. పోనీ, దానిని ఎల్లప్పుడు కొద్దిపాటి భారముతో నడుపుదమన్న, ఇంధనము సరిగా కాలక లోపల మసి పేరుకొనును.

2010లో మార్బుల్ బార్‌లోను, అదే ప్రాంతపు నల్లజైన్‌లోను సౌరఫలకములను డీజిలు యంత్రములతో జోడించినప్పుడు, వాటికి తోడుగా బరువైన గతిపాలక చక్రమును అమర్చిరి. కుమ్మరి సారెను తిప్పి వదలినను అది కొంతసేపు తిరుగుచునే యుండును గదా! ఈ చక్రమును అంతే. మబ్బు పట్టినప్పుడు తన గతిశక్తిని విద్యుత్తుగా ఇచ్చి, డీజిలు యంత్రము పుంజుకొనువరకు ఊరిని ఆదుకొనును. ఎండ రాగానే మిగులు విద్యుత్తుతో మరల వేగమందుకొనును. రెండు కేంద్రములకు కలిపి ఏటా సుమారు 4 లక్షల లీటర్ల డీజిలు ఆదా కాగలదని అంచనా కట్టిరి. రాత్రి పని మాత్రము డీజిలు యంత్రములకే మిగిలినది.