విల్లు పిడికి తోలు ఎప్పుడొచ్చింది?

వీరుడి విల్లు అనగానే పిడికి తోలు చుట్టి ఉండాలన్నది సినిమాలు మనకు నూరిపోసిన బొమ్మ. యూరప్‌లో నేలలోంచి, నీళ్లలోంచి బయటపడ్డ పాత చెక్క విల్లులు ఆ బొమ్మను పెద్దగా సమర్థించవు.

1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు దగ్గర ఆల్ప్స్ మంచులో ఓట్జీ దొరికాడు. సుమారు 5,300 ఏళ్ల కిందటి మనిషి. అతని సామానులో 1.82 మీటర్ల యూ చెట్టు కర్ర విల్లు ఉంది, అదీ సగంలో ఆగిన పని. గొడ్డలి చెక్కిన గుర్తులు కళ్లకు కనిపిస్తాయి. నారి తగిలించడానికి కొసల్లో గాట్లు ఇంకా పడలేదు. అమ్ములపొదిలోని 14 బాణాల్లో పూర్తయినవి రెండే. ముందు ఆకారం, చివర నునుపు అన్న పనివరస అప్పటికే ఉందన్నమాట.

ఇక మేరీ రోజ్. 1545 జూలైలో ఇంగ్లండు దక్షిణ తీరాన మునిగిన ఈ యుద్ధనౌకను 1982లో పైకి తీశారు. దాంట్లో దొరికిన విల్లులు నూటికి పైమాటే, చాలావరకు మనిషిని మించిన పొడవు. కొసలకు తొడిగిన కొమ్ము ముక్కలు దాదాపు అన్నీ నశించినా వాటి గుర్తులు కర్రమీద మిగిలాయి. పిడి దగ్గర తోలు జాడ మాత్రం లేదు. పిడికిలి నిండే మందం కర్రకే ఉన్నప్పుడు తోలుతో పనేముంది?

చిత్రంగా, అదే 1545లో రోజర్ ఆస్కమ్ విలువిద్యపై ‘టాక్సోఫిలస్’ అచ్చువేశాడు. మైనం పట్టించిన ఉన్ని గుడ్డతో విల్లును రోజూ మెరిసేదాకా రుద్దమంటాడు. అలా రుద్దితే పైన గట్టి పొర కడుతుందనీ, తేమ లోపలికి దిగదనీ అతని వాదన. మెరుపు అలంకారం కాదు, కర్రకు కాపలా. నా లెక్కలో ఆ పుస్తకంలో అన్నిటికన్నా పనికొచ్చే మాట ఇదే.

ఇంగ్లండులో తోలుకు కాలం కలిసొచ్చింది తుపాకీ వచ్చి విల్లు ఆటవస్తువుగా మారాకే. 1781లో లండన్‌లో టాక్సోఫిలైట్ సొసైటీ వెలిసింది. షోకైన విల్లులకు మఖమల్, తోలు పిడులు మామూలయ్యాయి. ఆటలో చెయ్యి ప్రతిసారీ ఒకేచోట పడాలి. పైగా బాణం విల్లు నడిమికి దగ్గరగా పోవాలి కాబట్టి పిడి కాస్త కిందికి జరుగుతుంది. ఆ చోటు చేతికి తెలియజెప్పేది చుట్టిన తోలే. జపాన్ సంగతి వేరు. అక్కడి యుమి విల్లుకు తోలు చుట్టడం యోధుల సంప్రదాయమే, పిడి కూడా కింది నుంచి మూడో వంతు ఎత్తులో ఉంటుంది.

ఇప్పటికీ చేత్తో విల్లు చేసేవాళ్లు దాని రెండు సగాలూ సమంగా వంగుతున్నాయని తేలి, కొన్ని బాణాలు వేసి చూశాకే పైపూతకు దిగుతారు. గరుకు కాగితంతో రుద్ది, తడిగుడ్డతో తుడిస్తే కర్ర పీచు లేస్తుంది. అది ఆరాక మళ్లీ రుద్దాలి. తర్వాత అవిసె నూనె, పలచగా, పూతకీ పూతకీ మధ్య ఆరనిస్తూ. నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేయకూడదు, దానంతటదే అంటుకుంటుంది. పరిచి ఆరబెట్టాలి.

తోలుకు ముందు పిడి చుట్టూ కాగితం చుట్టి కొలత తీస్తారు. అంచులు కలవకుండా రవ్వంత తక్కువగానే కోస్తారు. తడిపి, లాగి, అంచులు దగ్గరకొచ్చేలా కుడితే ఆరేకొద్దీ బిగుస్తుంది. కుట్టు అరచేతి కింద ఒరుసుకోకుండా లక్ష్యం వైపు ఉంచుతారు. జిగురు పెట్టనివాళ్లూ ఉన్నారు: తోలు అరిగితే కుట్లు కోసి కొత్తది వేసుకోవచ్చు.