ఫిజీకి తట్టు తెచ్చిన ఓడ

1875 జనవరి 12న బ్రిటిష్ యుద్ధనౌక 'డైడో' ఫిజీలోని లెవుకా రేవుకు చేరింది. మూడు నెలల కిందటే దీవులను బ్రిటన్‌కు అప్పగించిన పెద్దనాయకుడు థాకొంబౌ, సిడ్నీ పర్యటన ముగించుకుని కొడుకులతో దిగాడు. సిడ్నీలో ఆయనకు తట్టు సోకింది. ఓడలో కుటుంబానికీ పాకింది. అయినా రేవులో ఎవరూ ఓడను ఆపలేదు, రోగులను విడిగా ఉంచలేదు.

ఆయన్ని చూడటానికీ, కొత్త పాలకులతో సభకూ దీవుల నలుమూలల నుంచి నాయకులు తరలివచ్చారు. ఇళ్లకు వెళ్తూ తట్టును వెంట తీసుకెళ్లారు.

అంతకుముందు ఆ దీవులు తట్టు ఎరుగవు. పిల్లలతో పాటు పెద్దలకూ దాన్ని తట్టుకునే శక్తి లేదు. ఊరంతా ఒకేసారి మంచం పడితే వంట చేసేవాళ్లు లేరు, నీళ్లు తెచ్చేవాళ్లు లేరు. ఒళ్లు కాలిపోతుంటే తాళలేక వాగుల్లో పడుకున్నారు. న్యుమోనియా, విరేచనాలు తోడయ్యాయి. కొద్ది నెలల్లోనే సుమారు 40 వేల మంది చనిపోయారని అంచనా. జనాభాలో అది దాదాపు నాలుగో వంతు. తెల్లవాళ్లు కావాలనే రోగం తెచ్చారని కొండప్రాంతాల వాళ్లు అనుమానించారు. మరుసటి ఏడాది తిరగబడ్డారు.

1875 జూన్‌లో గవర్నర్‌గా వచ్చిన ఆర్థర్ గోర్డన్, మిగిలిన జనాన్ని తోటల కూలీకి పంపడానికి ఇష్టపడలేదు. చెరకు తోటలకు మనుషులు కావాలి. అందుకే భారతదేశం వైపు చూశాడు. 1879 మేలో 'లియోనిడాస్' ఓడ కలకత్తా నుంచి తొలి ఒప్పంద కూలీలను తెచ్చింది. దారిలో కలరా, మశూచి కనిపించాయి. ఈసారి అధికారులు ఏమరలేదు, కూలీలను పక్కనున్న చిన్న దీవిలో విడిగా ఉంచారు. 1903 నుంచి మద్రాసు ఓడలూ మొదలయ్యాయి. వాటిలో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. మనవాళ్లు ఫిజీ చేరిన కథలో తట్టుకూ ఓ పాత్ర ఉంది.

తట్టు టీకా 1963లో వచ్చింది. అది చేతిలో ఉన్నా వాడకపోతే ఏమవుతుందో 2019లో పొరుగు ద్వీపదేశం సమోవాలో తెలిసింది. అంతకు ముందటేడు నర్సులు టీకా మందులో పొరపాటున వేరే మందు కలపడంతో ఇద్దరు పసిబిడ్డలు చనిపోయారు. జనం భయపడ్డారు, టీకాలు కొంతకాలం ఆగాయి, చివరకు ముగ్గురు పసిపిల్లల్లో ఒకరికి కూడా టీకా అందని పరిస్థితి వచ్చింది. ఆ తర్వాత తట్టు వచ్చి 83 మందిని బలి తీసుకుంది. ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలే. డిసెంబరులో ప్రభుత్వం రెండు రోజులు కార్యాలయాలు మూసేసి ఇంటింటికీ టీకా బృందాలను పంపింది. టీకా కావాల్సిన ఇళ్లవాళ్లు గుమ్మం ముందు ఎర్రగుడ్డ కట్టారు.

అదే సమయంలో ఫిజీలోనూ కేసులు వచ్చాయి. వెంటనే టీకాల కార్యక్రమం చేపట్టారు. ఒక్కరూ చనిపోలేదు.

తట్టు ఊళ్లో పాకకుండా ఉండాలంటే నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలి. మన దగ్గర మొదటిది 9 నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా వేస్తారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే టీకాల కార్డు తీసి, రెండో డోసు దగ్గర తేదీ పడిందో లేదో చూసుకోండి.